పిచ్చాసుపత్రి చరిత్రలో రోగి మాట: రాయ్ పోర్టర్ తెచ్చిన మలుపు

మానసిక వైద్య చరిత్రను చాలాకాలం డాక్టర్లే రాసుకున్నారు. ఫ్రాన్స్‌లో పినెల్ అనే డాక్టర్ రోగుల సంకెళ్లు విప్పించారు, ఆ తర్వాత అంతా పురోగతే అన్న వరస. 1961లో ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో దాన్ని తలకిందులు చేశారు. 1656లో పారిస్‌లో ఓపిటాల్ జెనెరాల్ అనే నిర్బంధ సంస్థ ఏర్పాటుతో పిచ్చివాళ్లనూ బిచ్చగాళ్లనూ కలిపి మూసేసే 'మహా నిర్బంధం' మొదలైందన్నారు. రెండు కథల్లోనూ రోగి నోరు మెదపడు.

లండన్‌లోని వెల్‌కమ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన వైద్య చరిత్రకారుడు రాయ్ పోర్టర్ (1946-2002) పట్టుకున్నది ఈ లోటునే. ఫూకో కాలక్రమం ఇంగ్లండ్‌కు అతకదని ఆయన లెక్క చూపారు: 1800లో అక్కడ నిర్బంధంలో ఉన్నవాళ్లు బహుశా 10,000 మంది, 1900కల్లా దానికి పదింతలు. అంటే అక్కడ నిర్బంధం పెరిగింది పదిహేడో శతాబ్దంలో కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో. 1985లో, వైద్య చరిత్రను రోగి వైపునుంచి రాయాలంటూ ఒక వ్యాసం ప్రకటించారు. ఈ రంగంలో అంతకంటే పెద్ద మలుపు నాకు కనబడదు.

ఆయన 1988లో మళ్లీ వెలుగులోకి తెచ్చిన పుస్తకాన్నే చూడండి. లండన్ బెత్లెమ్ ఆసుపత్రి రోగి, టీ వ్యాపారి జేమ్స్ టిల్లీ మాథ్యూస్ గురించి అక్కడి వైద్యాధికారి జాన్ హాస్లమ్ 1810లో అచ్చువేసినది అది. ఒక ముఠా 'గాలి మగ్గం' అనే యంత్రంతో తనను ఆడిస్తోందని మాథ్యూస్ నమ్మకం. పిల్లలు గాలిపటం ఎగరేసినట్టు ఒక ఆలోచనను బుర్రలోకి ఎక్కించి గంటల తరబడి తేలనిస్తారట. యంత్రం బొమ్మ కూడా ఆయనే గీశారు.

దీన్ని రోగి వాంగ్మూలంగా నేరుగా చదివితే పొరపాటే. 1809లో ఇద్దరు డాక్టర్లు మాథ్యూస్‌కు మతి బాగానే ఉందన్నారు. అది తప్పని నిరూపించడానికే హాస్లమ్ ఆ మాటలు ఏరి కూర్చారు. కాబట్టి ఎవరు, ఎవరికి జవాబుగా, ఏం వదిలేసి రాశారన్నది ముందు తేలాలి. అదే మాథ్యూస్ కొత్త బెత్లెమ్ భవనానికి ప్లాన్లు గీసి 30 పౌండ్ల బహుమతి అందుకున్నారన్నది పక్కన పెట్టుకుని చదవాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: రాయగలిగినవాళ్లే మిగిలారు. కౌంటీ ఆశ్రమాల్లోని (ఇంగ్లండ్ జిల్లాల ప్రభుత్వ పిచ్చాసుపత్రుల్లోని) నిరుపేదల జాడ, ఒక్కో రోగి గురించి డాక్టర్లు రాసిపెట్టిన కేసు పుస్తకాల్లోనే దొరుకుతుంది. రోగిని ఆసుపత్రిలో చేర్చడానికి రాసే చేర్పు సర్టిఫికెట్‌లో డాక్టర్ స్వయంగా చూసినది ఒకచోట, ఇంటివాళ్లు చెప్పినది మరోచోట ఉంటుంది. కేసు పుస్తకం మొదటి పేజీ చాలాసార్లు ఆ సర్టిఫికెట్‌కు నకలే. ఆ రెంటినీ ఇద్దరు సాక్షులుగా లెక్కిస్తే, ఇంటివాళ్లు మోపిన నింద రోగలక్షణమై కూర్చుంటుంది.