బూడిద పడితే భూమికి బలమా? వరి కొయ్యకాళ్లపై అపోహలు - వాస్తవాలు

యాసంగి (రబీ) కోతలు మొదలయ్యాయంటే చాలు, పొద్దు వాలే వేళకు మా క్లస్టర్‌ ఊళ్లలో ఎటు చూసినా, కోశాక మిగిలిన వరి కొయ్యకాళ్లు కాల్చే పొగే. తెలంగాణలో కాకతీయ కాలువ కింద వరి తప్ప వేరే మాట లేని ఊళ్లు మావి. ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) పనిచేస్తున్న నాకు ఏప్రిల్, మే నెలల్లో రైతు వేదికలో, పొలం గట్టు మీద, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఒకటే మాట వినిపిస్తుంది: "బూడిద వడ్తెనే గద మేడం భూమికి సత్తువ." చదువుకున్న పిల్లలు కూడా ఇదే అంటున్నారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన వీడియో చూపించి మరీ వాదిస్తున్నారు. అందుకే ముందు ఈ ఒక్క విషయం తేల్చి, మిగతావి తర్వాత గబగబా చెబుతాను.

అపోహ: కొయ్యలు కాలిస్తే వచ్చే బూడిద ఎరువు

బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే. పెరట్లో బీర పాదుకు, సొర పాదుకు పొయ్యి బూడిద వేసిన మన అమ్మమ్మలు మంచి పనే చేశారు. కానీ ఆ బూడిద ఎక్కడి నుంచో తెచ్చిన కట్టెలది. బయటిది వచ్చి పెరట్లో చేరింది. మీరు పొలంలో కాల్చేది ఆ పొలంలోనే పుట్టిన గడ్డిని. బూడిదలో ఏముందో అదంతా గడ్డిలో ముందే ఉంది. నిప్పు పెట్టడం వల్ల కొత్తగా ఒక్క గ్రాము కూడా చేరదు, ఉన్నదాంట్లోంచే పోతుంది.

ఎంత పోతుందో చూడండి. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం, 400 కిలోల దాకా కర్బనం ఉంటాయి. మంట పెడితే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. భాస్వరంలో పావు వంతు, పొటాష్‌లో ఐదో వంతు పోతాయి. మంట తీవ్రంగా ఉంటే గంధకంలో సగానికి పైగా కూడా పోవచ్చు. కర్బనం పొగైపోతుంది. మిగిలిన పొటాష్ బూడిదలో ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, హార్వెస్టర్ గడ్డి వదిలిన వరుసల్లో కుప్పలుగా ఉంటుంది. మే నెలలో ఒక గాలిదుమారం లేస్తే ఆ బూడిద ఎవరి పొలంలో పడుతుందో ఎవరికి తెలుసు?

ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా దాదాపు అంతే, రెండున్నర టన్నులు అనుకోండి. అందులోని నత్రజని 14 కిలోలు, అంటే 30 కిలోల యూరియాతో సమానం. 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి, ఆధార్ కార్డు పట్టుకుని ఎండలో నిలబడి తెచ్చుకునే యూరియా అది. ఇక పొటాష్ 60 కిలోలకు పైనే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు లెక్కలో రెండు బస్తాలు. "కాలిస్తే పొటాష్ తొందరగా అందుతది" అని కొందరు అంటారు. గడ్డి నీళ్లలో నానితే చాలు, పొటాష్ దానంతట అదే నీటిలోకి దిగుతుంది. గడ్డి కుళ్లేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మరి అగ్గిపుల్ల వల్ల ఒరిగిందేమిటి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది కర్బనం విషయం. యూరియా కొనుక్కోవచ్చు, పొటాష్ కొనుక్కోవచ్చు. ఎకరాకు టన్ను కర్బనం ఎక్కడ కొంటాం? భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అనే గడి ఒకటి ఉంటుంది. 0.5 శాతం లోపుంటే 'తక్కువ' అని రాస్తారు. మా దగ్గర చేతికొచ్చే కార్డుల్లో చాలావరకు ఆ మాటే ఉంటుంది. నేల నీటిని పట్టుకోవాలన్నా, వేసిన ఎరువు నిలవాలన్నా అదే ఆధారం. "వెనకట ఇంత యూరియా వేసేటోళ్లం కాదు మేడం" అని బాధపడే పెద్దమనిషే మరుసటి రోజు మడికి నిప్పు పెడుతుంటే ఏమనాలి?

అయినా రైతు ఈ మాట ఎందుకు నమ్ముతున్నాడో నాకు తెలుసు. కళ్లతో చూశాడు కాబట్టి. కాల్చిన మడిలో నాటు మొదటి రెండు మూడు వారాలు నల్లగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పక్కన కొయ్యలు కలియదున్నిన మడి పసుపు తిరిగి ఉంటుంది. చూసినవాళ్లు ఎవరైనా బూడిదకే ఓటేస్తారు. జరిగేది ఏమిటంటే, మట్టిలో కలిసిన గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కూడా నత్రజని కావాలి. అవి ముందు నేలలో ఉన్నది లాక్కుంటాయి, గడ్డి కుళ్లాక తిరిగి ఇస్తాయి. కాల్చిన మడిలో ఆ పోటీ ఉండదు. ఆ తేడా బూడిద బలం కాదు. గడ్డికి కుళ్లే టైం ఇవ్వకుండా నాటు వేయడం వల్ల వచ్చిన తేడా.

అపోహ: కొయ్యలు కలియదున్నితే నాటు ఎర్రబడి చస్తుంది

పై అపోహకు ఇది తోబుట్టువు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే భయపడేవాళ్లను నేనెప్పుడూ కసురుకోను.

ఒక యాసంగిలో ఒకామె తడి గోనెలో గుప్పెడు నాటు మొక్కలు చుట్టుకుని రైతు వేదికకు వచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, సాగంతా ఆమెదే. నీళ్లు వదిలేస్తున్నారని తొందరపడి, దున్నిన నాలుగైదు రోజులకే నాటు వేయించింది. ఆకులు ఎర్రబారాయి, ఎదుగుదల లేదు. మందుల షాపులో అప్పటికే జింకు, గుళికలు, ఏదో టానిక్ కలిపి పెద్ద బిల్లే చేశారు. "పొలం మొత్తం పోయిందా మేడం?" అని అడిగేటప్పుడు ఆమె గొంతు వణికింది.

వెళ్లి చెప్పులు విడిచి మడిలో దిగాను. అడుగు వేసిన చోటల్లా బుడబుడమని బుడగలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొక్క పీకి కడిగి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేళ్లు నల్లగా ఉన్నాయి. గడ్డి నీటి అడుగున గాలి ఆడక కుళ్లుతుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పుడుతుంది. అది వేళ్లను దెబ్బతీస్తుంది. దీనికి వైద్యం షాపులో లేదు. మడిలో నీళ్లు తీసేసి, సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ కొత్త నీళ్లు పెట్టి, అప్పుడు యూరియా వేయాలి. నల్లబడ్డ వేళ్లు ఉండగా పైన ఎన్ని చల్లినా మొక్క తీసుకోలేదు. ఆమె అలాగే చేసింది. వారం పది రోజుల్లో తెల్లవేళ్లు వచ్చాయి, పైరు తిప్పుకుంది.

కాబట్టి పద్ధతి తెలుసుకోండి. కోత అయ్యాక మడిలో పదును ఉన్నప్పుడే, లేదంటే మొదటి వానకు, రోటవేటర్ కొట్టించండి. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నండి, ఆ భాస్వరాన్ని తర్వాతి ఎరువుల లెక్కలోంచి తగ్గించుకోండి. నాటుకు కనీసం రెండు మూడు వారాల ముందు ఇది అయిపోవాలి. నాటు వేశాక మొదటి దఫా యూరియా ఆలస్యం చేయొద్దు. ఏప్రిల్‌లో కోసి జులైలో నాటు వేసేవాళ్లకు టైం లేదనే మాట కుదరదు. వానాకాలం కోతకు, యాసంగి నాటుకు మధ్య మాత్రం నిజంగానే ఇరుకు ఉంటుంది. చైన్ మిషన్ (బురదలో కోసే హార్వెస్టర్) తొక్కిన మడిలో గడ్డి కట్టలు కట్టే మిషన్ కూడా దిగదు. ఆ కష్టాన్ని నేను కాదనను. అలాంటి చోట నీళ్లు నిల్వ పెట్టకుండా ఆరుతడి ఇస్తూ రావడమే దారి.

మిగతావి, తొందరగా

*మంట పెడితే పురుగులు చస్తాయట.* కాండం తొలుచు పురుగు ఉండేది దుబ్బు మొదలు లోపల, నేలను అంటుకుని. కాలిన మడిలో ఒక దుబ్బు పీకి, బ్లేడుతో మొదలు నిలువునా చీల్చి చూడండి. పైన నల్లగా కమిలినా లోపల పచ్చిగానే ఉంటుంది, లేత పసుపు రంగు పురుగు కదులుతూ కనిపించవచ్చు. దాన్ని చంపేది దున్నకం, నీళ్లు. మంటకు చచ్చేవి పురుగులను తినే సాలీళ్లు. ఎలుకలు గట్టు బొరియల్లో హాయిగా ఉంటాయి.

*డీకంపోజర్ చల్లితే గడ్డి వారంలో మాయం.* కాదు. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం కలిపి తయారుచేసే, గడ్డిని కుళ్లబెట్టే ఆ సూక్ష్మజీవుల ద్రావణం మంచిదే, కానీ తడి లేని మడిలో అది పనిచేయదు. మే ఎండలో ఎండిన గడ్డి మీద చల్లి ఫలితం లేదని దాన్ని తిట్టొద్దు.

*30 వేల జరిమానా వేస్తారట.* ఈ మెసేజ్ చూసి రాత్రి పదింటికి ఫోన్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. రెండెకరాల లోపు 5 వేలు, రెండు నుంచి ఐదెకరాలకు 10 వేలు, ఐదెకరాలు దాటితే 30 వేలు అన్నది ఢిల్లీ పరిసరాల కోసం 2024 నవంబరులో పెంచిన లెక్క. అది పంజాబ్, హర్యానా వైపు సంగతి. దాన్ని చూసి మీరు టెన్షన్ పడొద్దు. ముందూ వెనకా చూడకుండా ఫార్వర్డ్ చేసేవాళ్లు దయచేసి ఆపండి.

*నేను దగ్గరుండి కాలుస్తా, ఏమీ కాదు.* ఈ ధైర్యమే ప్రాణాలు తీస్తోంది. ఎండాకాలంలో గాలి ఎప్పుడు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పక్క మడికి అంటుకున్న మంటను కొమ్మతో కొట్టి ఆర్పబోయి, పొగకు ఊపిరాడక పడిపోయిన ముసలి రైతుల వార్తలు దాదాపు ప్రతి వేసవిలో పేపర్లో చదువుతున్నాం. మోటారు స్టార్టర్ డబ్బాలు, పైపులు కాలితే మళ్లీ కొనుక్కుంటాం. గట్టు మీది తాటిచెట్లు, ఈతచెట్లు కాలిపోతే గీత కార్మికుడి కుటుంబం ఏళ్ల తరబడి నష్టపోతుంది. తాటిచెట్టు కల్లుకు రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకు నేను చెప్పాలా? ఇంట్లో వయసు మీద పడినవాళ్లు "నేను పోయి కొయ్యలు అంటుపెట్టి వస్తా" అంటే పోనివ్వకండి.

మరి చేయాల్సింది ఎప్పుడు చేయాలి? కోతకు ముందు. హార్వెస్టర్ మాట్లాడుకునేటప్పుడే కింది నుంచి కోయాలని డ్రైవర్‌తో తేల్చుకోండి. గంట లెక్కన తీసుకునేవాడు మీకు టైం ఎక్కువవుతుందని భయపెడతాడు, ఎకరం లెక్కన తీసుకునేవాడు అసలు ఒప్పుకోడు. ఒక్కరు అడిగితే వినడు, ఒకే కాలువ కింది పది మంది కలిసి అడిగితే వింటాడు. గడ్డి కట్టలు కట్టే మిషన్‌ను కూడా అలాగే కలిసి పిలిపించుకోండి. పశువులున్నవాళ్లు పక్క ఊళ్లో గడ్డి కోసం వెతుకుతున్నారు.

ఈసారికి ఇప్పటికే కాల్చేసినవాళ్లు కంగారుపడి ఏ మందు డబ్బానూ కొనొద్దు. తొలకరికి ఎకరాకు 12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూతకు రాకముందే కలియదున్నండి. సబ్సిడీ విత్తనం వచ్చిందో లేదో మీ ఏఈఓను మే నెలలోనే అడగండి, జూన్‌లో అడిగితే స్టాక్ ఉండదు.