రెండు ఫొటోల్లో ఏది నిజం?

చి. లాస్యకు, చి. చైతూకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలూ చూశాను. "వీటిలో ఏది నిజం, ఏది ఎడిటింగ్?" అని అడిగారు. ఫోన్లో చెబుదామంటే చైతూ సగంలోనే ఆటకు పరిగెడతాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

రెండు ఫొటోలూ ఒకే చోటువి. ఈగిల్ నెబ్యులా అనే నీహారికలో ఒక మూల అది. అక్కడ ధూళి, వాయువు కలిసి స్తంభాల్లా నిలబడి ఉంటాయి. వాటికి 'సృష్టి స్తంభాలు' అని పేరు. మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరం (కాంతి ఒక ఏడాదిలో వెళ్ళే దూరమే కాంతి సంవత్సరం). అన్నిటికన్నా పొడవాటి స్తంభం ఎత్తు నాలుగైదు కాంతి సంవత్సరాలు ఉంటుంది. సూర్యుడి నుంచి పక్క నక్షత్రానికి ఉన్న దూరం దాదాపు అంతే! స్తంభాలు మందంగా, గోధుమ రంగులో ఉన్న ఫొటో అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోప్ తీసింది. మొదట 1995లో తీసింది, 2014లో మళ్ళీ తీసింది. స్తంభాల లోపలా వెనకా చుక్కలే చుక్కలుగా ఉన్నది జేమ్స్ వెబ్ అనే ఇంకో అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఫొటో. అది 2022 అక్టోబరులో విడుదలైంది.

హబుల్ ఎక్కువగా మన కంటికి కనిపించే కాంతిలో చూస్తుంది. వెబ్ చూసేది పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో, అంటే ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనబడని కాంతిలో. తేడా అంతా అక్కడే ఉంది.

1800లో విలియం హెర్షెల్ అనే ఆయన, ఒకప్పుడు సంగీతం వాయించుకుని బతికినవాడు, పట్టకంతో ఎండను ఏడు రంగులుగా విడగొట్టి ఒక్కో రంగులోనూ థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట కూడా పాదరసం పైకి ఎక్కింది. అంటే కంటికి కనబడని కాంతి ఏదో అక్కడ పడుతోందన్నమాట. కొలిమిలోంచి తీసిన ఇనుము ఎర్రదనం పోయాక కూడా చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది కదా, అందులో ఎక్కువ భాగం ఈ పరారుణ కాంతే. మీ ఒళ్ళు కూడా ఇప్పుడు ఈ కాంతిని వెదజల్లుతూనే ఉంది.

నమ్మకం కుదరకపోతే టీవీ రిమోట్ తీసుకోండి. దాని ముందున్న చిన్న బల్బును ఫోన్ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కండి. కంటికి ఏమీ కనబడదు. స్క్రీన్ మీద మాత్రం తెల్లగానో లేత ఊదాగానో మిణుకుమంటుంది. వెనక కెమెరాలో రాకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. చాలా ఫోన్లలో వెనక కెమెరాకు ఈ కాంతిని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు స్తంభాల దగ్గరికి వద్దాం. వాటిలోని ధూళి రేణువులు చాలా చిన్నవి, చాలావరకు ఒక మైక్రాన్ కన్నా తక్కువే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనకు కనిపించే కాంతి తరంగాలు కూడా ఇంచుమించు ఆ సైజువే, అర మైక్రాన్ అటూ ఇటూ. అందుకే అవి రేణువులకు తగిలి చెదిరిపోతాయి, లేదా అందులోనే ఇంకిపోతాయి. హబుల్ ఫొటోలో స్తంభాలు గోడల్లా కనబడేది అందుకే. పరారుణ తరంగాలు అంతకన్నా పొడవైనవి. చాలావరకు రేణువులను దాటుకుని వచ్చేస్తాయి. వెబ్ ఫొటోలో అన్ని నక్షత్రాలు బయటపడటానికి కారణం అదే. స్తంభాల కొసల దగ్గర పెద్దది చేసి చూడండి, ఎర్రగా అలలు అలలుగా ఉన్న చోట్లు కనిపిస్తాయి. అక్కడ ఇంకా పూర్తిగా తయారుకాని నక్షత్రాలు వాయువును జోరుగా బయటికి చిమ్ముతున్నాయి. అది చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను ఢీకొని వెలుగుతోంది. ఆ నక్షత్రాల వయసు కొన్ని లక్షల ఏళ్ళేనట. నక్షత్రాల లెక్కలో అవి పురిటి పిల్లలు.

మీరు పంపనిది ఇంకో ఫొటో ఉంది. నాకు మూడింటిలో అదే ఇష్టం. వెబ్‌లోనే మిరి అనే పరికరం ఇంకా పొడవైన తరంగాల్లో తీసింది. అందులో ఆ నక్షత్రాలు దాదాపు అన్నీ మాయం! స్తంభాలు మాత్రం బూడిద రంగులో, దెయ్యాల్లా నిలబడి ఉంటాయి. మామూలు నక్షత్రాలు ఆ తరంగాల్లో పెద్దగా వెలగవు. ఆ తరంగాల్లో వెలిగేది చల్లటి ధూళి. ఒక ఫొటోలో అడ్డం అనుకున్న ధూళే ఇంకో ఫొటోలో హీరో అయిపోయింది.

ఇక రంగుల సంగతి. లాస్య అనుమానం ఇక్కడే కదా? వెబ్ నుంచి వచ్చేవన్నీ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలే. ఒక్కో ఫిల్టర్ పెట్టి ఒక్కోటి తీస్తుంది. అమెరికాలో బాల్టిమోర్‌లోని వెబ్ కేంద్రంలో ఉండేవాళ్ళు వాటికి రంగులు అద్ది ఒకటిగా కలుపుతారు. ఆ రంగులు ఇష్టమొచ్చినట్టు వెయ్యరు. పొట్టి తరంగాలకు నీలం, పొడుగు తరంగాలకు ఎరుపు, మధ్యవాటికి మధ్య రంగులు, ఇంద్రధనుస్సులో ఉన్న వరసలోనే. మరి హబుల్ ఫొటో 'అసలు రంగు' అనుకుంటున్నారా? అదీ కాదు! అందులో హైడ్రోజన్ వెలుగుకు ఆకుపచ్చ వేశారు. నిజానికి అది ఎర్రటి వెలుగు. సల్ఫర్ వెలుగు కూడా ఎరుపే కాబట్టి, రెండూ విడిగా తెలియాలని అలా చేశారు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: రెండూ నిజమే. ఆకారాలు, చుక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. రంగులు మాత్రం మ్యాపులో జిల్లాలకు వేసే రంగుల్లాంటివి. ఏ రంగు దేనికో తెలిస్తేనే ఫొటో చదవగలం.

ఇదంతా నేలమీద నుంచే చూడొచ్చుగా అంటారేమో. గాలిలోని నీటి ఆవిరి పరారుణ కాంతిని చాలావరకు మింగేస్తుంది. అందుకే లడఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, గాలి పొడిగా ఉండే చోట మనవాళ్ళు హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ పెట్టారు. అక్కడ కొంతవరకు వీలవుతుంది. ఇంకో చిక్కేమిటంటే, వెచ్చగా ఉన్న టెలిస్కోప్ తనే పరారుణంలో వెలుగుతుంది. 2021 డిసెంబరు 25న ఎగిరిన వెబ్‌ను భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో పెట్టి, టెన్నిస్ కోర్టంత ఐదు పొరల తెర అడ్డం కట్టింది అందుకే. తెరకు అవతల ఎండ మాడ్చేస్తుంటుంది, ఇవతల మైనస్ 230 డిగ్రీల చలి. మిరికి అదీ చాలదు, మైనస్ 266 కావాలి. అందుకు దానికి ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ పెట్టారు. వెబ్‌కన్నా ముందు వెళ్ళిన స్పిట్జర్ టెలిస్కోప్ ద్రవ హీలియంతో చల్లబడేది. 2009లో అది అయిపోయాక కూడా, కొన్ని తరంగాల్లో మాత్రమే అయినా, 2020 దాకా పని చేసింది పాపం.

దూరపు గెలాక్సీలకు పరారుణం కావలసింది ఇంకో కారణంతో. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి, అక్కడినుంచి బయల్దేరిన కాంతి కోట్ల ఏళ్ళ ప్రయాణంలో సాగిపోతుంది. అతినీలలోహితంగా బయల్దేరింది ఇక్కడికి పరారుణంగా చేరుతుంది. కంటికి కనిపించే కాంతిలో వెతికితే అలాంటి గెలాక్సీ ఉన్నట్టే తెలియదు.

వెబ్ ఫొటోల్లో ఆరు పెద్ద ముళ్ళు, రెండు చిన్న ముళ్ళు ఉన్న చుక్క కనిపిస్తే, అది దాదాపుగా మన పాలపుంతలోని నక్షత్రమే. ఆ ముళ్ళు ఆకాశంలో ఉండవు. ఆరు కోణాల అద్దాల వల్ల, వాటి ముందున్న కడ్డీల వల్ల వస్తాయి. హబుల్ ఫొటోలో అయితే నాలుగే ఉంటాయి. కాబట్టి ఏ టెలిస్కోప్ ఫొటోనో చైతూ ముళ్ళు లెక్కపెట్టి చెప్పేయొచ్చు.

ఇక మీకో పని. సదరన్ రింగ్ నీహారిక ఫొటోలు రెండు, వెబ్ 2022 జులైలో విడుదల చేసినవి, నాసా సైటులో ఫ్రీగా దొరుకుతాయి. ఒక నక్షత్రం చనిపోతూ వదిలిన పొరలు అవి. మొదటి ఫొటోలో మధ్యన ఒక నక్షత్రం ధగధగమంటుంది. మిరి తీసిన రెండోదానిలో అక్కడ రెండు కనిపిస్తాయి. ఆ పొరలు వదిలింది వాటిలో ఏదో, రెండో నక్షత్రం అక్కడ ఎందుకు బయటపడిందో ఆలోచించి రాయండి. ధూళి గురించి పైన చెప్పింది ఇంకోసారి చదివితే చాలు. గూగుల్‌ని అడగొద్దు, అమ్మను అడిగినా పర్లేదు.

ఉంటాను,
మీ అమ్మమ్మ