ఊపిరి తీసే గుహ

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ కొండల్లో, నేలలో ఒక కన్నం ఉంది. విండ్ కేవ్ అనే గుహకి అదే ముఖద్వారం. మనిషి దూరడమే కష్టం. దాని ముందు రిబ్బన్ ముక్క పట్టుకుంటే ఒకపూట బయటికి ఎగురుతుంది, ఇంకోపూట లోపలికి లాక్కుపోతుంది.

కన్నం కింద 240 కిలోమీటర్లకు పైగా సొరంగాలున్నాయి. బయట వాతావరణ పీడనం తగ్గగానే లోపలి గాలి బయటికి తోసుకొస్తుంది, పెరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. అంత పెద్ద గుహకి ముక్కు మాత్రం ఇంతే, అందుకే గాలికి అంత జోరు.

1881లో బింగమ్ అన్నదమ్ములు దీన్ని కనుగొన్నారని చెబుతారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఇక్కడి ఆదివాసులైన లకోటా ప్రజలు ఈ చోటుని ఎప్పటినుంచో 'ఓనియా ఓషోకా' అంటారు: భూమి లోపల ఊపిరి తీసే చోటు అని. వాళ్ల కథలో మనుషులు పుట్టింది ఇక్కడే. సృష్టికర్త మాట వినకుండా తొందరపడి పైకొచ్చినవాళ్లు అడవిదున్నలైపోయారు. ఆగినవాళ్లని తోకాహే అనే నాయకుడు తర్వాత పైకి తీసుకొచ్చాడు. వాళ్లు వచ్చాక సృష్టికర్త కన్నాన్ని ఇంత చిన్నది చేశాడట, ఎక్కడినుంచి వచ్చారో మర్చిపోకుండా.

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో ఈ కొండలు లకోటాలవేనని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. వాళ్ల వయోజన పురుషుల్లో నాలుగింట మూడొంతుల మంది సంతకం పెడితే తప్ప ఆ నేల చేతులు మారకూడదు. 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దండు వచ్చి బంగారం ఉందని చాటింది. రెండేళ్లకి లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటాలు, వాళ్ల మిత్రుల చేతిలో కస్టర్ ఓడి చచ్చిపోయాడు. ఆ కోపంతో ప్రభుత్వం, కొండలు వదులుకుంటేనే తిండి అంది. అప్పుడు కూడా సంతకం పెట్టింది పదోవంతు మందే. అయినా 1877లో చట్టం చేసి లాక్కుంది.

ఇది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది. పరిహారం వడ్డీతో కలిపి సుమారు 10.5 కోట్ల డాలర్లు. అది ఇప్పుడు 100 కోట్లు దాటింది. లకోటాలు ముట్టుకోలేదు. అమెరికాలో బాగా పేద ప్రాంతాల్లో వాళ్లు ఉండే పైన్ రిడ్జ్ రిజర్వేషన్ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) ఒకటి, అయినా ముట్టుకోలేదు. పుట్టిన చోటుకి రేటు కట్టమంటే ఎవరు కడతారు?

వేటగాళ్ల తుపాకులకి అడవిదున్నలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1913లో న్యూయార్క్ జూ నుంచి 14 దున్నల్ని రైల్లో తెచ్చి ఇక్కడ వదిలారు. వాటి సంతతి ఇప్పుడు ఆ కన్నం చుట్టుపక్కల గడ్డి మేస్తోంది.