మూడో స్థానం దగ్గరే తలుపు మూత: ఈతలో ‘దేశానికి ఇద్దరే’ నిబంధన వెనక కథ

2008లో ఒమాహాలో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్, అంటే బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లేవాళ్లని ఎంచే పోటీలు, జరిగాయి. మహిళల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్‌లో, అంటే తొలి రౌండ్ పందేల్లో, హేలీ మెక్‌గ్రెగరీ 59.15 సెకన్లలో గోడ తాకింది. అది ప్రపంచ రికార్డు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వెంటనే జరిగిన తర్వాతి హీట్‌లో నటాలీ కఫ్లిన్ 59.03తో రికార్డు లాగేసుకుంది. ఫైనల్లో కఫ్లిన్ మొదటి స్థానం, మార్గరెట్ హోల్జర్ రెండో స్థానం, మెక్‌గ్రెగరీ మూడో స్థానం. మూడో స్థానమంటే ఇంటికే. కొన్ని నిమిషాలైనా ప్రపంచంలో అందరికంటే వేగంగా ఈదిన మనిషిగా నిలిచిన ఆమెకి ఆ ఈవెంట్‌లో బీజింగ్ దారి మూసుకుపోయింది.

బీజింగ్ ఫైనల్ ఫలితం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కఫ్లిన్ 58.96తో స్వర్ణం గెలిచింది. జింబాబ్వేకి చెందిన కిర్స్టీ కొవెంట్రీ 59.19తో రజతం, హోల్జర్ 59.34తో కాంస్యం అందుకున్నారు. మెక్‌గ్రెగరీ ఒమాహా హీట్స్‌లో ఈదిన టైమ్ రజతం టైమ్ కంటే మెరుగు. బీజింగ్ టెన్షన్‌లో ఆమె మళ్లీ అంత వేగంగా ఈదేదా అన్నది వేరే సంగతి. ఈదే అవకాశమైతే రాలేదు.

అడ్డుపడింది ఒక్క నిబంధన. ఒలింపిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత ఈవెంట్‌కి దేశానికి ఇద్దరే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ అంతే. చాలామంది దీన్ని ఈత పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం అనుకుంటారు. కాదు, దీని వయసు చాలా తక్కువ.

ఒలింపిక్ ఈత తొలి దశాబ్దాల్లో ఒకే దేశం మూడు పతకాలూ పట్టుకెళ్లడం ఎవరికీ వింత కాదు. 1920లో ఆంట్వెర్ప్‌లో మహిళలకి ఉన్న వ్యక్తిగత ఫ్రీస్టైల్ ఈవెంట్లు రెండే, 100 మీటర్లు, 300 మీటర్లు. రెండింటిలోనూ మూడేసి పతకాలు అమెరికాకే వెళ్లాయి. నాలుగేళ్ల తర్వాత పారిస్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ పోడియంపై జానీ వైస్‌ముల్లర్, డ్యూక్ కహనమోకు, డ్యూక్ తమ్ముడు శామ్ నిలబడ్డారు. ముగ్గురూ అమెరికన్లే. 1932లో లాస్ ఏంజెలెస్‌లో పురుషుల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో జపాన్ కుర్రాళ్లు అదే పని చేశారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా వంతు వచ్చింది. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ మూడు పతకాలూ, మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్ మూడు పతకాలూ సొంత జనం ముందే గెలిచింది. అంటే ఆధిపత్యం ఒక్కరి సొత్తు కాదు, చేతులు మారుతూ ఉండేది.

1976 మాంట్రియల్‌లో లెక్క మారిపోయింది. అప్పట్లో ఈవెంట్‌కి దేశానికి ముగ్గురు. పురుషులకి 13, మహిళలకి 13 ఈవెంట్లు. పురుషుల వైపు అమెరికా 12 స్వర్ణాలు గెలిచింది. వాళ్ల చేతికి అందనిది 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఒక్కటే, దాన్ని బ్రిటన్‌కి చెందిన డేవిడ్ విల్కీ తీసుకెళ్లాడు. 200 ఫ్రీస్టైల్, 200 బ్యాక్‌స్ట్రోక్, 100 బటర్‌ఫ్లై, 200 బటర్‌ఫ్లై, ఈ నాలుగింటిలో మూడు పతకాలూ అమెరికన్లవే. మహిళల వైపు తూర్పు జర్మనీ 11 స్వర్ణాలు గెలిచింది. మొత్తం 26లో 23 స్వర్ణాలు రెండు జట్ల సంచుల్లోకి వెళ్లిపోయాయన్న మాట. తూర్పు జర్మనీ విజయాల వెనక ప్రభుత్వమే నడిపించిన డోపింగ్ ఉందన్న నిజం తర్వాత పత్రాలతో సహా బయటపడింది, ఆ రోజున మాత్రం పోడియం మీద కనిపించింది ఒకటే జెండా.

1980 మాస్కో ఒలింపిక్స్‌ని అమెరికా బహిష్కరించింది. పోటీ పలచబడింది. మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్, 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్, 100 మీటర్ల బటర్‌ఫ్లై మూడింటిలోనూ పోడియం మొత్తం తూర్పు జర్మనీదే.

1984 లాస్ ఏంజెలెస్‌కి వచ్చేసరికి ముగ్గురు ఇద్దరయ్యారు. ఆ ఏడాది మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఒక అరుదైన ఫలితం వచ్చింది. క్యారీ స్టైన్‌సైఫర్, నాన్సీ హాగ్స్‌హెడ్ ఇద్దరూ సరిగ్గా 55.92కి గోడ తాకారు. ఇద్దరూ అమెరికన్లే, ఇద్దరికీ స్వర్ణమే. తర్వాతి పతకం నెదర్లాండ్స్‌కి వెళ్లింది. కొత్త నియమం కోరుకున్న పోడియం అదే. ఎంత బలమైన దేశమైనా రెండు మెట్లు ఎక్కవచ్చు, ఒకటి మాత్రం బయటివాళ్లకి వదలాలి.

ఈ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. ఎప్పుడూ రెండు మూడు జెండాలే పైకి లేచే ఆటని మిగతా ప్రపంచం ఎందుకు చూడాలి? ఎందుకు నేర్చుకోవాలి? కానీ దీనికి మూల్యం చెల్లించేది దేశం కాదు. ఇద్దరూ గెలిస్తే దేశానికి పతకాలు వస్తూనే ఉంటాయి. మూల్యమంతా ఒక్క మనిషి మీద పడుతుంది, నాలుగేళ్లపాటు తెల్లవారక ముందే లేచి నీళ్లలో దూకి, చివరికి సెకనులో పిసరంత తేడాతో మూడో స్థానంలో ఆగిపోయిన మనిషి మీద. బలమైన దేశాల్లో అసలు ఫైనల్ ఒలింపిక్స్‌లో జరగదు, ట్రయల్స్‌లోనే జరిగిపోతుంది.

ఆ ట్రయల్స్ ఎంత నిర్దయగా ఉంటాయో 2004లో సిడ్నీలో అందరూ చూశారు. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఇయాన్ థోర్ప్ ఒలింపిక్ ఛాంపియన్, 3:40.08తో ప్రపంచ రికార్డు కూడా అతనిదే. హీట్స్‌లో స్టార్టింగ్ బ్లాక్ మీద వంగి ఉన్నవాడు సిగ్నల్ రాకముందే తూలి నీళ్లలో పడిపోయాడు. డిస్‌క్వాలిఫై చేశారు. ఆ ఈవెంట్‌లో గ్రాంట్ హ్యాకెట్, క్రెయిగ్ స్టీవెన్స్ ఎంపికయ్యారు. తర్వాత దేశమంతా స్టీవెన్స్ వైపే చూసింది, చోటు వదులుతాడా లేదా అని. ఇతర ఈవెంట్లలో అతనికి చోటు ఉంది కాబట్టి చివరికి వదిలాడు. థోర్ప్ ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఆ కథని చాలామంది త్యాగంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ వారాల్లో స్టీవెన్స్ మీద పడిన బరువే గుర్తొస్తుంది. న్యాయంగా గెలుచుకున్న చోటుకి ఒక మనిషి దేశమంతటికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం మంచి పద్ధతి కాదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా కోపం తప్పు చోట దిగుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముసంబానీ పేరు లాగుతారు. ఈత నేర్చుకుని అప్పటికి కొద్ది నెలలే. అర్హత టైమ్ లేకపోయినా ఇచ్చే ఆహ్వానంతో, అంటే వైల్డ్‌కార్డ్‌తో వచ్చాడు. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో అతనితో పాటు ఉన్న ఇద్దరూ ఫాల్స్ స్టార్ట్‌తో డిస్‌క్వాలిఫై కావడంతో అంత పెద్ద పూల్‌లో ఒక్కడే ఈదాడు. చివరి మీటర్లలో చేతులు లేవలేదు, జనం లేచి నిలబడి అరుస్తూ గోడ దాకా తీసుకొచ్చారు. టైమ్ 1:52.72. అదే ఒలింపిక్స్‌లో 200 మీటర్ల విజేత పీటర్ వాన్ డెన్ హూగెన్‌బాండ్ టైమ్ 1:45.35. ‘ఇతన్ని పిలిచి, ప్రపంచ స్థాయి వాళ్లని ఇంట్లో కూర్చోబెడతారా’ అని అడుగుతారు.

రెండిటికీ ముడిపెట్టడం సరికాదు. వైల్డ్‌కార్డ్ మీద వచ్చినవాళ్లు తీసుకునేది హీట్స్‌లో ఒక లేన్, అదీ సాధారణంగా నెమ్మదైన తొలి హీట్స్‌లో. ముగ్గురిలో మూడో అమెరికన్ అడిగేది ఫైనల్లో లేన్. ముసంబానీ రాకపోయినా మెక్‌గ్రెగరీకి చోటు దొరకదు, ఆమెని ఆపింది దేశానికి ఇద్దరన్న లెక్క. పైగా వైల్డ్‌కార్డ్ ఈతగాళ్ల వల్లే ఈత ప్రపంచ క్రీడగా నిలబడుతోంది.

ఇప్పుడున్న ఏర్పాటు ఇలా ఉంది. ఒక ఈవెంట్‌కి ఇద్దరిని పంపాలంటే ఇద్దరూ ‘ఏ’ టైమ్‌గా పిలిచే ఒలింపిక్ క్వాలిఫయింగ్ టైమ్ సాధించాలి. జట్టు మొత్తానికీ గీత ఉంది, 26 మంది పురుషులు, 26 మంది మహిళలు. అర్హత సాధించిన వాళ్లు లేని దేశాలకి ఒక పురుషుడు, ఒక మహిళ చొప్పున యూనివర్సాలిటీ చోటు, అంటే వైల్డ్‌కార్డ్ లాంటిదే, దొరుకుతుంది. అందరికీ కలిపి ఉండే కోటా రియోలో 900, పారిస్‌కి 852. దుప్పటి కుదించుకుపోతోంది, కాళ్లు ముడుచుకోవాల్సింది ఎవరన్నదే గొడవ. ‘ఏ’ టైమ్ దాటడం చిన్న సంగతేమీ కాదు. 2021లో రోమ్‌లో సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది ఆ గీత దాటిన తొలి భారతీయుడయ్యాడు, అదీ సెకనులో పదో వంతు తేడాతో.

అన్ని పోటీలూ ఒకే దారిలో లేవు. కామన్వెల్త్ క్రీడల్లో ఈవెంట్‌కి ముగ్గురిని ఈదనిస్తారు. 2022 బర్మింగ్‌హామ్‌లో మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆస్ట్రేలియా మూడు పతకాలూ గెలిచింది, ఆకాశమేమీ విరిగిపడలేదు. యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో హీట్స్‌లో ఎక్కువ మందిని దించవచ్చు, సెమీస్‌కి మాత్రం దేశానికి ఇద్దరే వెళ్తారు. అక్కడ మూడో మనిషికి మరీ వింత శిక్ష. హీట్స్‌లో మూడో మెరుగైన టైమ్ ఈదినా, ముందున్న ఇద్దరూ తన దేశం వాళ్లే అయితే సామాను సర్దుకోవాలి. జిమ్నాస్టిక్స్‌లోనూ ఇదే బాధ. 2012 లండన్‌లో జోర్డిన్ వీబర్ ఆల్‌రౌండ్ క్వాలిఫయింగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, అయినా అమెరికన్లలో మూడోది కాబట్టి 24 మంది ఫైనల్‌కి వెళ్లలేకపోయింది.

అథ్లెటిక్స్‌లో ఒలింపిక్స్‌కి ఇప్పటికీ ఈవెంట్‌కి ముగ్గురు. వాళ్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అయితే గత విజేతకి కోటాతో సంబంధం లేకుండా వైల్డ్‌కార్డ్ ఉంటుంది. ఈత కూడా కనీసం ఈ ఒక్క మెట్టు దిగాలన్నది నా గట్టి కోరిక. టైటిల్ నిలబెట్టుకునే అవకాశం విజేతకి నీళ్లలో దక్కాలి.

టామ్ డీన్‌కి దక్కలేదు. టోక్యోలో 200 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం బ్రిటన్‌కి చెందిన డీన్‌ది, రజతం అతని సహచరుడు డంకన్ స్కాట్‌ది. 2024 ఏప్రిల్‌లో పారిస్ కోసం జరిగిన బ్రిటిష్ ట్రయల్స్‌లో మ్యాట్ రిచర్డ్స్ మొదట, స్కాట్ రెండోవాడిగా వచ్చారు. డీన్ మూడో స్థానం. పారిస్‌లో ఆ ఫైనల్ జరిగిన రాత్రి రొమేనియాకి చెందిన డేవిడ్ పోపోవిచ్ 1:44.72తో స్వర్ణం గెలిచాడు, రిచర్డ్స్ 1:44.74తో రజతం దగ్గర ఆగాడు, స్కాట్‌కి నాలుగో స్థానం. స్టార్టింగ్ బ్లాకుల మీద గత విజేత లేడు. మర్నాడు సాయంత్రం 4x200 మీటర్ల రిలేలో జేమ్స్ గై వెనక రెండోవాడిగా డీన్ నీళ్లలోకి దూకాడు, రిచర్డ్స్, స్కాట్ మిగతా రెండు లెగ్‌లు పూర్తి చేశారు, నలుగురూ స్వర్ణం గెలిచారు.