కుప్పకూలిన ఊపిరితిత్తి విచ్చుకున్నాక నీరెందుకు చేరుతుంది?

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుప్పకూలడాన్ని న్యూమోథొరాక్స్ అంటారు. దానికి ఛాతీలో గొట్టం వేస్తారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది, ఆయాసం తగ్గుతుంది. కొందరిలో మాత్రం గంట తిరక్కుండానే ఆగని దగ్గు మొదలవుతుంది. ఛాతీ బిగుసుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ఒక్కోసారి గులాబీ రంగు నురుగు కఫం పడుతుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకునే ఉంటుంది, కానీ అటువైపు తెల్లగా కమ్ముకుని కనిపిస్తుంది. దీన్ని రీఎక్స్‌పాన్షన్ పల్మనరీ ఎడీమా అంటారు.

మొదట ఇది బయటపడింది ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసిన రోగిలో. 1853లో ఫ్రాన్స్‌లో పినో అనే వైద్యుడు దాన్ని వర్ణించాడు. గాలి తీశాక కూడా ఇదే జరుగుతుందని 1958లో కార్ల్‌సన్ బృందం రాసే నాటికి వందేళ్లు దాటిపోయాయి. 1973లో కోతులపై జరిగిన ప్రయోగాలు అసలు చిక్కు ఎక్కడుందో చూపాయి. ఊపిరితిత్తి మూడు రోజులు ముడుచుకుని ఉండి, ఆపై సక్షన్‌తో, అంటే గాలిని బయటికి పీల్చే ఒత్తిడితో లాగితే నీరు చేరింది. గంటసేపే ముడుచుకున్న ఊపిరితిత్తికి అలా కాలేదు.

కారణం కేశనాళికల్లో ఉంది. ముడుచుకున్న రోజుల్లో వాటి గోడలు మారతాయి, గాలి గదులను తెరిచి ఉంచే సర్ఫాక్టెంట్ తగ్గుతుంది. అలాంటి కణజాలాన్ని ఒక్కసారిగా సాగదీస్తే గోడలు దెబ్బతింటాయి. రక్తం తిరిగి పారడంతో వాపు కూడా తోడవుతుంది. అందుకే కారే ద్రవంలో ప్రోటీన్ ఎక్కువ. గుండె విఫలమై చేరే నీరు వేరు, ఇది వేరు. ఈ తేడా చికిత్సలోనూ ముఖ్యం. రక్తంలోని ద్రవమే ఊపిరితిత్తిలోకి పోతున్నప్పుడు, అలవాటుగా మూత్రం ఎక్కువగా పోయే మందులిస్తే రక్తపోటు ఇంకా పడిపోవచ్చు.

ఎంతమందికి వస్తుంది, ఎంతమంది చనిపోతారన్న లెక్కలు పొంతన లేనివి. 1988 నాటి సమీక్షలో మరణాలు సుమారు 20 శాతం. అవి విడివిడిగా ప్రచురితమైన కేసులు. తీవ్రమైనవే ఎక్కువగా అచ్చుకెక్కుతాయి కాబట్టి ఆ అంకె భయపెట్టేంత నిజం కాదని మా అభిప్రాయం. ఇక ఎంతమందికి వస్తుందంటే, 1991లో 146 న్యూమోథొరాక్స్ కేసుల్లో 14 శాతం, 1996లో 320 సందర్భాల్లో 0.9 శాతం తేలింది. ఎక్స్‌రేలో మాత్రమే కనిపించే మార్పును లెక్కేస్తే అంకె పెరుగుతుంది. ఎక్కువ ముప్పు యువకుల్లో, ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకున్నవారిలో, మూడు రోజులకు పైగా ఆలస్యమైనవారిలో.

ఈ అనుభవమే పద్ధతులను మార్చింది. 2010 నాటి బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు గొట్టం వేయగానే సక్షన్ పెట్టవద్దన్నాయి. గొట్టం చివరను నీటిలో ముంచి గాలి బయటికే పోయేలా చేసే నీటి సీలుతో వదిలేసి, 48 గంటల తర్వాత కూడా గాలి కారుతుంటే మైనస్ 10 నుంచి మైనస్ 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో సక్షన్ ఆలోచించమన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు ఒక విడతకు 1.5 లీటర్లు మించకూడదు. అసలు గొట్టమే అవసరమా అన్నదీ పరిశీలించారు: 2020లో న్యూమోథొరాక్స్ ఉన్న 316 మందిపై జరిగిన పరీక్షలో, ఏమీ చేయకుండా గమనించిన వర్గంలో సుమారు 15 శాతం మందికే తర్వాత చికిత్స అవసరమైంది.

దగ్గు, ఛాతీ బిగుతు మొదలైతే సక్షన్ వెంటనే ఆపాలి. ఆక్సిజన్ ఇవ్వాలి, చాలకపోతే సీపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) లేదా వెంటిలేటర్ పెట్టాలి. నీరు తీస్తుంటే గొట్టం మూసేయవచ్చు. బుడగలు వస్తున్న గొట్టాన్ని మాత్రం బిగించకూడదు. గాలికి దారి మూసుకుపోతే ఛాతీలో ఒత్తిడి పెరిగి, నిమిషాల్లో గుండెకు రక్తం చేరడం తగ్గిపోతుంది.