జైసల్మేర్ కోట ఇళ్లు: కుళాయి వచ్చాక మొదలైన కథ

2024 ఆగస్టు వానలకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోట గోడ కొంత కూలినప్పుడు పాత వాదన మళ్లీ పైకి వచ్చింది. లోపల మనుషులు కాపురం ఉండబట్టే కోట చెడిందని కొందరు, వాళ్ల ఇళ్లు వాళ్లను బాగుచేసుకోనివ్వని నిబంధనలే చేటు చేశాయని మరికొందరు. 1156లో భాటీ రాజు రావల్ జైసల్ కోటకు పునాది వేసిన సంగతి అందరూ ఎరిగిందే. నేటి తగాదా వేర్లు మాత్రం గత శతాబ్దంలో వేసిన నీటి గొట్టాల దగ్గర ఉన్నాయి.

ఆ ఇళ్లు ఎండిన నేల కోసం కట్టినవి. పసుపు ఇసుకరాళ్లను సున్నం అవసరం లేకుండా ఒకదాని గాడిలో మరొకటి కూర్చారు. సందు ఇరుకు కాబట్టి ఎదురిల్లే నీడ. వీధి వైపు చెక్కిన ఝరోకాలు (ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ మాడాలు), రాతి జాలీలు (చిల్లుల జల్లెడ పలకలు) గాలిని లోపలికి తెస్తాయి. పైన కర్ర దూలాలు, రెల్లు, వాటి మీద మందంగా మట్టి. రాయలసీమ మిద్దెలు చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. జైసల్మేర్‌లో వాన ఏడాదికి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. గడీసర్ చెరువు నుంచి తలమీద మోసుకొచ్చిన నీటిని ఎవరూ పారబోసేవారు కాదు.

కుళాయిలు వచ్చాయి. స్నానాల గదులు వచ్చాయి. తర్వాత హోటళ్లు, గదికో స్నానాల గది. అంత నీటిని బయటికి పంపే కాల్వలు మాత్రం సరిగా లేవు. కోట నిలబడిన త్రికూట కొండలో రాతి పొరల మధ్య బంకమన్ను ఉంది. తడిస్తే అది మెత్తబడుతుంది. 1996లోనే పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ ప్రపంచ స్మారక నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) ఈ కోటను ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

అనుమతి లేని అంతస్తులు, సిమెంటు పూతలు కోటను కుంగదీస్తున్నాయన్నది పురావస్తు శాఖ వాదన. అది నిజమే.

నివాసుల మాట వేరు. వారిలో తరతరాలుగా అదే గడపలో ఉంటున్న కుటుంబాలున్నాయి. 2010లో స్మారక కట్టడాల చట్టాన్ని సవరించాక, రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, మరమ్మతుకూ అనుమతి కావాలి. 2013లో యునెస్కో గుర్తింపు వచ్చాక కోట మీద అందరి కళ్లూ పడ్డాయి. ఇంట్లో దూలం పగిలితే వానలకు ముందే మార్చాలి. దరఖాస్తు తేలేసరికి వానలు వచ్చేస్తాయని వారి ఆవేదన. గొట్టాలు తామై వేసుకున్నవి కావనీ, కాల్వలు కట్టాల్సింది తాము కాదనీ వారు అంటారు. ఆ మాటకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.