ఏపీ పరీక్షలో 3 వస్తే కాలేజీ క్రెడిట్ ఎందుకివ్వాలి? గొడవ అంతా 2015 చట్టాల దగ్గరే

జూలైలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికాలో హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు చదివి రాసే పరీక్ష, స్కోరు 1 నుంచి 5 దాకా) స్కోర్లు వస్తే చాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే రగడ. మా అమ్మాయికి 4 వచ్చింది, కాలేజీలో క్రెడిట్ ఇస్తారా, అంటే ఆ కోర్సు చదివేసినట్టు లెక్కేస్తారా అని ఒకరు, ఇప్పుడు స్కోర్లు ఊరికే ఇచ్చేస్తున్నారంట కదా అని ఇంకొకరు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ 1950ల్లో ఎలా మొదలైందో ఇక్కడ అనవసరం, ఇప్పటి తగువుకి మూలం నా లెక్కలో 2015.

అప్పటిదాకా చాలాచోట్ల ఎంత స్కోరుకి క్రెడిట్ ఇవ్వాలన్నది కాలేజీ ఇష్టం, నిజానికి ఆ డిపార్ట్‌మెంట్ ఇష్టం. ఒక గవర్నమెంట్ యూనివర్సిటీలో 3 సరిపోయేది, పక్క ఊళ్ళో దానికి 4 కావాలి, 5 కావాలి అనేవాళ్ళు. 2015లో ఇలినాయ్, టెక్సస్ రెండూ చట్టాలు చేశాయి. ఇలినాయ్‌లో 3 వస్తే పబ్లిక్ కాలేజీ క్రెడిట్ ఇచ్చి తీరాలి, కాకపోతే అది ఎలెక్టివ్ (ఇష్టమైతే తీసుకునే కోర్సు) కింద వేస్తారా మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) కింద వేస్తారా అన్నది వాళ్ళిష్టం. టెక్సస్ ఇంకో మెలిక పెట్టింది. 3 కన్నా ఎక్కువ అడగొచ్చు, కానీ అంత స్కోరు లేకపోతే పిల్లలు అదే సబ్జెక్టులో దాని తర్వాత వచ్చే పై కోర్సులో నెగ్గుకు రాలేరని యూనివర్సిటీయే ఆధారాలు చూసి తేల్చాలి. నాకైతే అసలు మలుపు ఈ మెలికే, ఎందుకంటే నిరూపించుకునే బరువు పిల్లల మీద నుంచి కాలేజీ మీదకి మారింది.

ఇంట్లో దీని విలువేంటో చూడాలంటే డాలస్ వైపు ఉండే మా అన్నయ్య వాళ్ళ ఫ్రిజ్ చూడాలి. రూళ్ళ కాగితం మీద కూతురు రాసిన ఐదు ఏపీలు, పక్కన ఒక్కోదానికి వచ్చే క్రెడిట్ అవర్స్, 3, 3, 3, 4, 4, కింద గీత గీసి 17. అంటే దాదాపు ఒక సెమిస్టర్ ఫీజు, హాస్టల్ ఖర్చు మిగిలినట్టే, పరీక్షకేమో ఒక్కోదానికి సుమారు వంద డాలర్లు. ఒక్క జీతంతో ఇద్దరు పిల్లల్ని చదివించే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ప్రొఫెసర్ల వాదన కూడా ఉంది. అంతకు రెండేళ్ళ ముందే, 2013లో, డార్ట్‌మత్ కాలేజీ 2014 నుంచి చేరేవాళ్ళకి ఏపీ క్రెడిట్ ఇవ్వమని చెప్పేసింది. అక్కడ సైకాలజీ వాళ్ళు ఏపీలో 5 తెచ్చుకున్న పిల్లలకి తమ ఇంట్రో కోర్సు ఫైనల్‌ని కుదించి పెడితే 90 శాతం తప్పారు, ఆ పరీక్ష పద్ధతినే ఏపీ నడిపే సంస్థ కాలేజ్ బోర్డు తప్పుబట్టింది. అయినా అది ప్రైవేటు కాలేజీ, ఈ చట్టాలు దానికి తగలవు.

ఇప్పుడు మంట రేగడానికి కారణం కటాఫ్‌లు, అంటే ఏ స్కోరుకి ఎన్ని మార్కులు రావాలన్న లెక్క. ఇంగ్లిష్ లిటరేచర్‌లో 3 ఆపైన వచ్చినవాళ్ళు 2021లో 44 శాతం ఉంటే 2022లో 78 అయ్యారు, యూఎస్ హిస్టరీలో 2023లో సగం కూడా లేరు, 2024లో 72 శాతం. కాలేజీలో అదే కోర్సు చదివేవాళ్ళతో పోలిస్తే ఇన్నాళ్ళూ మేమే తక్కువ వేశాం, వందల మంది ప్రొఫెసర్లని అడిగి సరిచేశాం అంటోంది కాలేజ్ బోర్డు. స్కోర్లు పలచబడ్డాయంటున్నారు విమర్శకులు. చిక్కంతా ఎక్కడంటే, చట్టంలో 3 అని అంకె రాశారు గానీ ఆ 3 అంటే ఎంతో తేల్చేది మాత్రం పరీక్ష అమ్ముకునే సంస్థే. అనుమానం ఉన్న యూనివర్సిటీ చెయ్యాల్సింది పిల్లల్ని తప్పుపట్టడం కాదు, టెక్సస్ అడిగినట్టు పై కోర్సులో వాళ్ళ మార్కులు తీసి చూపించడం.

మా అన్నయ్య కూతురి కాగితంలో బయాలజీ పక్కన ఉన్న 4 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. తనకి మెడిసిన్ చదవాలని, చాలా మెడికల్ స్కూళ్ళు ఏపీ క్రెడిట్‌ని ప్రీరిక్విజిట్ (చేరడానికి ముందే చదివి ఉండాల్సిన కోర్సు) కింద తీసుకోవు, లేదా పై క్లాసు చదివి రమ్మంటాయి. అందుకని ఆ ఒక్కటీ కాలేజీలో మళ్ళీ చదువుతానంది. వాళ్ళ నాన్న 17 కొట్టేసి 13 రాశాడు.